పద్నాలుగో నంబరు బిళ్ల

ఉద్యోగాల గురించి సలహాకు నా దగ్గరికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఇంటర్వ్యూల ఏమడుగుతరు?" ఉద్యోగంలో ఏమడుగుతారని ఎవరూ అడగరు. దానికి జవాబు నాకు కొంచెం తెలుసు. అడగకపోయినా చెప్పాలనిపించి రాస్తున్నాను.

నేను గోదావరిఖని బొగ్గు గనుల్లో ముప్పై ఆరేళ్లు పనిచేసి సర్వేయరుగా రిటైరయ్యాను. చదివింది పది. లెక్కల్లో వచ్చినవి ముప్పై ఏడు మార్కులు. ముప్పై ఐదుకే పాసు కాబట్టి రెండు మార్కులు అనవసరంగా తెచ్చుకున్నట్టు. బదిలీ ఫిల్లరుగా చేరాను, అంటే ఎవరైనా డ్యూటీకి రాని రోజున వాళ్ల బదులు బొగ్గు ఎత్తే పని. తర్వాత సర్వే వాళ్ల కొలత గొలుసు ఒక కొస పట్టుకునే చైన్‌మన్‌ను అయ్యాను. వాళ్లు కాగితం మీద నాలుగు అంకెలు వేసి, ఇంకా తవ్వని బొగ్గులో దారి ఎటు పోతుందో చెబుతుంటే నాకు ఆశ పుట్టింది. పాత పుస్తకాల బండి మీద ఒక లాగరిథం పుస్తకం కొన్నాను. మొదటి రెండు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. దాన్ని ఎలా వాడాలో రాసింది ఆ రెండు పేజీల్లోనేనని చాలా రోజులకు తెలిసింది. సర్వేయరు పరీక్ష మూడోసారికి గట్టెక్కాను. ప్రమోషన్ల సంగతి ఇంతటితో సరి.

చివరి పద్దెనిమిదేళ్లు నాకు ఇంకో పని తగిలింది. కొత్తగా ఎంపికైన మైనింగ్ ఇంజనీర్లను ట్రైనింగులో ఒక్కో విభాగానికి కొన్ని వారాలు పంపేవారు. సర్వేలో ఆరు వారాలు. చివర్లో వాళ్ల డైరీలో నేను రెండు మాటలు రాసి సంతకం పెట్టాలి. అది లేనిదే ట్రైనింగు పూర్తి కాదు, ఉద్యోగం ఖాయం కాదు. పది చదివినవాడి సంతకం కోసం బీటెక్ చదివినవాళ్లు నిలబడి ఉంటే చూడటానికి బాగుండేది. అది అంత బాగుండకూడదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొత్తం నూట పన్నెండు మంది వచ్చారు. ఇద్దరి గురించి చెబుతాను.

మొదటి రోజు ప్రశ్న

ఎవరొచ్చినా మొదటి రోజు గని లోపలికి నడిపించుకుపోయి, పని జరిగే చోట ఆగి ఒకే మాట అడిగేవాణ్ని. "బాయి మొకం కాడికెల్లి ఈడిదాక ఎన్ని అడుగులు ఏసినవు బిడ్డా?" బాయి అంటే మా దగ్గర గని.

ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఒక అబ్బాయి నిజాయితీగా, "ఫోను పైన్నే పెట్టొచ్చిన సార్" అన్నాడు. అడుగులు కూడా ఫోనే లెక్కపెడుతుందట.

ఇంకొకతను గనుల్లో గాలి ప్రసరణ గురించి పుస్తకంలో ఉన్నదంతా ఊపిరి తీయకుండా అప్పజెప్పాడు. అంతా విని, "ఇప్పుడు గాలి ఏ దిక్కుకెల్లి వస్తుంది?" అన్నాను. ఆ పిల్లవాడు ఆలోచించి, "థియరీలనా సార్, ఇక్కడనా?" అన్నాడు. గాలి అతని మొహానికే కొడుతోంది.

వాళ్లను వెక్కిరించాలని రాయడం లేదు. అప్పజెప్పడం రాకపోతే ఆ పిల్లవాడికి ఉద్యోగమే వచ్చేది కాదు. కోచింగు గేటు దాకా తీసుకుపోతుంది. గేటు లోపల ప్రశ్నాపత్రం ఎవరూ ఇవ్వరు. ప్రశ్న ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. ఒక్కోసారి అది మనకు సంతకం పెట్టాల్సిన మనిషి లెక్కలోనే ఉంటుంది.

నేను ఆపిన సంతకం

ప్రవీణ్ హైదరాబాదు కుర్రాడు. చురుకైనవాడు. నాలుగో వారంలో మేనేజర్ గదిలో అయిదుగురు కూర్చుని ఉండగా, పైన కుప్పగా పోసిన బొగ్గు ఎంత ఉందో నేను చెప్పాను. వెనక నిలబడ్డ ప్రవీణ్, "సార్, లింగం సార్ లెక్క తప్పు. ఒక వరస రెండుసార్లు కూడిన్రు" అన్నాడు.

నిజమే. ఒక వరస రెండుసార్లు కూడేశాను. అతను చెప్పింది సరిగ్గా ఉంది. చెప్పిన చోటే సరిగ్గా లేదని నేను రెండు వారాలు నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత అతని డైరీలో ఇలా రాశాను: "పని తెలుసు. పద్ధతి తెలియదు. మరో మూడు నెలలు అవసరం."

మూడు నెలలు పొడిగించారు. రెండో నెలలోనే అతనికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పోయే ముందు నా దగ్గరికొచ్చి మర్యాదగానే నిలబడ్డాడు.

"ఈ రెండు నెలల ఒకటి నేర్సుకున్న సార్."

"ఏంది?"

"తప్పు కనవడితే కండ్లు మూసుకోవాలె."

నేను నవ్వేశాను. వేరే ఏం చేయాలో తోచక నవ్వాను. మైనింగ్ చదివిన కుర్రాడు ఇప్పుడు ఎక్కడో కౌంటరు వెనక కూర్చుని ఉంటాడు. అందులో తక్కువేం లేదు. కాని అతన్ని అక్కడికి పంపింది అతని ఇష్టం కాదు, నా రోషం. ఆ తర్వాత వచ్చిన ట్రైనీలందరూ నాతో చాలా మర్యాదగా ఉండేవారు. ఒకరికొకరు ఏం చెప్పుకునేవారో తర్వాత తెలిసింది: "లింగం సార్ లెక్కల వేలు పెట్టకున్రి." నేను మాత్రం నా లెక్కల్లో తప్పులు తగ్గాయని సంబరపడుతున్నాను.

కనెక్షన్ పందెం

భూమి లోపల ఒక దారిని రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుపుతాం. అదే కనెక్షన్. రెండు దారులూ ఒకదానికొకటి కనబడవు. వాటిని కలిపేది సర్వేయరు లెక్కే. అందుకే మా గనిలో ఒక పందెం ఉండేది. కలిసే రోజుకు ముందే, ఎన్ని వేళ్ల తేడా వస్తుందో సర్వేయరు ఆఫీసు తలుపు మీద సుద్దతో రాయాలి. అంతకంటే ఎక్కువ వస్తే ఆ షిఫ్టు అందరికీ సర్వేయరే మిర్చిబజ్జీలు తినిపించాలి. నేను ఎప్పుడూ "నాలుగు" అని రాసేవాణ్ని. ఎప్పుడూ తినిపించలేదు. దాని వల్ల నా నడకలో కొంచెం తేడా వచ్చిందని మా ఇంట్లోవాళ్లు అనేవారు.

అలాంటి ఒక కనెక్షన్ పని నడుస్తున్నప్పుడు నజ్మా వచ్చింది. మా విభాగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. వాళ్ల నాన్న యాకూబ్ భాయి గోదావరిఖని చౌరస్తా దగ్గర స్కూటర్లు బాగుచేస్తాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతికి వచ్చినా, రెండోసారి పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. మొదటి రోజు నా పాత ప్రశ్న అడిగాను.

"పదకొండు వందల ఆరు సార్," అంది. "నడుమ నీళ్ల కాడ ఎగిరి దుంకిన. అది ఒకటే లెక్క ఏసిన. తప్పయితే చెప్పున్రి."

నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదని ఆమెకు చెప్పలేదు.

గని లోపల మా గుర్తులన్నీ పైకప్పులో ఉంటాయి. కప్పుకు రంధ్రం చేసి, చెక్క దిగ్గొట్టి, దానికి మేకు, మేకుకు నంబరు వేసిన అల్యూమినియం బిళ్ల. ఆ మేకుకు గుండు కట్టిన దారం వేలాడదీసి, దాని కింద కోణాలు కొలిచే మిషన్ నిలబెట్టి దారి గీస్తాం. కనెక్షన్ దారికి ఆధారం పద్నాలుగో నంబరు బిళ్ల. అక్కడి నుంచి ముందుకు నూట అరవై మీటర్లు తవ్వితే అవతలి దారి వచ్చి కలవాలి. అప్పటికి అరవై మీటర్లు తవ్వడం అయింది.

చివరి వారం సోమవారం నజ్మా డైరీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"గిదేంది?"

"పదమూడు నుంచి పద్నాలుగుకు కోణం సార్. మన పుస్తకంల ఉన్నదానికి పంతొమ్మిది నిమిషాలు తేడా వస్తుంది."

కోణంలో డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నిమిషం అంటాం.

"పంతొమ్మిది నిమిషాలా? కరీంనగర్ బస్సు గంతకంటె ఎక్కువనే లేటొస్తది. ఎవ్వలన్న అడిగిన్రా?"

"మూడుసార్లు చూసిన సార్. మూడుసార్లు గంతే వచ్చింది."

"మిషన్ కాళ్లు సరిగ నిలవెట్టలే."

"అది కూడ చూసిన."

"పద్నాలుగో నంబరు నా చేతులతోని కొట్టిన బిళ్ల బిడ్డా. అదెట్ల కదుల్తది? అసలు పాత బిళ్లను ఎందుకు చూసినవు?"

"కొత్త గుర్తు పెట్టే ముందు వెనక రెండు గుర్తులు చూసుకోవాలని మీరే చెప్పిన్రు గద సార్."

చెప్పాను. నూట పన్నెండు మందికీ చెప్పాను. నేనే చూసుకోవడం మానేసి చాలా కాలమైంది.

"చూస్తే చూసినవు గని, అది నేను కొట్టిన బిళ్ల."

"మా అబ్బా బండి బాగుచేసి ఇచ్చే ముంగట బ్రేకు ఒకసారి తొక్కి చూస్తడు సార్. చేసింది తనే అయినా."

నేను డైరీ మూసి చేతికిచ్చాను. "శనివారంతోని నీ ట్రైనింగు అయిపోతది. మంచిగ ముగింపు రాసుకొని రా."

బుధవారం వచ్చింది. ముగింపు రాసుకొనే వచ్చింది. పంతొమ్మిది నిమిషాలు అక్కడే ఉన్నాయి. డైరీ అంతా పెన్నుతో ఉంటే ఆ ఒక్క పేజీ పెన్సిల్‌తో ఉంది.

"గిది పెన్సిల్‌తోని ఎందుకు రాసినవు?"

"మీరు దిగి చూసి తప్పంటే చెరిపేస్త సార్. చూడకుండ చెరుపుమంటె చెరుప."

"ప్రవీణ్ సంగతి నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు సార్."

"మరి సంతకం కావాల్నా, వద్దా?"

"కావాలె సార్. అచ్చిన నౌకరి ఇడిసిపెట్టి దీనికొచ్చిన. మా అబ్బా చౌరస్తాల షాపు షాపుకు చెప్పుకున్నడు. సంతకం లేకుంటె ఇంట్ల మొకం చూపియ్య." డైరీ నా వైపు జరిపింది. "గందుకే అంటున్న. జర దిగి చూడున్రి. మేనేజర్ సార్‌కు నేనేం చెప్పలే."

ప్రవీణ్ అయిదుగురి ముందు చెప్పాడు. ఈ పిల్ల తలుపు వేసి చెప్పింది. పద్ధతి తెలియదని రాయడానికి ఈసారి వీలు లేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఆమె వెళ్లాక చేయి ఊరుకోక ఒక లెక్క వేశాను. పదమూడుకూ పద్నాలుగుకూ మధ్య నలభై మీటర్లు. నలభై మీటర్లకు పంతొమ్మిది నిమిషాలంటే జానెడు. ఆ లెక్కన ఇంకో నూట అరవై మీటర్లు పోయేసరికి అయిదు జానలు. నాలుగు వేళ్లని తలుపు మీద రాసుకున్నవాడికి అయిదు జానలు. దారి కలవదని కాదు, వంకరగా కలుస్తుంది. అందులో బొగ్గును బయటికి తెచ్చే బెల్టు తిన్నగా నడవదు. సరిచేయాలంటే కప్పును మోసే బొగ్గు స్తంభాన్ని చెక్కాలి. దాన్ని చెక్కడం ఎవరికీ మంచిది కాదు.

ఆ పిల్ల చెప్పింది తప్పే కావాలని ఆ రోజంతా కోరుకున్నాను. గురువారం మొదటి షిఫ్టుకు దిగాను.

కొమురయ్య జ్ఞాపకశక్తి

నాతో నజ్మా వచ్చింది, కొమురయ్య వచ్చాడు. కొమురయ్య పైకప్పుకు బోల్టులు వేసే పనిలో ఉండేవాడు. నేనూ అతనూ ఒకే రోజు బదిలీ ఫిల్లర్లుగా చేరాం. పద్నాలుగో నంబరు దగ్గరికి వస్తున్నకొద్దీ అతని నడక మెల్లబడింది.

"అన్న, ఈడ ఉక్కపోస్తుంది. పైకి పోదామా?"

"ఇప్పుడే గద వచ్చినం."

"నాకు కడుపుల మంచిగ లేదు."

మిషన్ నిలబెట్టాను. కోణం చూశాను. మళ్లీ చూశాను. పంతొమ్మిది నిమిషాలు. నజ్మా టార్చి బిళ్ల మీద పట్టుకుని నిలబడింది. ఆ వెలుగులో చూస్తే, బిళ్ల పాతదే గాని చెక్క కొత్తది.

నేను కొమురయ్య వైపు తిరిగాను. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఊడిపోయింది అన్న. దసరా అయినంక ఈడ కప్పు పెచ్చు రాలితె దాంతోని పడ్డది."

"మరి?"

"మరేముంది. మళ్ల కొట్టిన."

"ఎక్కడ కొట్టినవు?"

"ఆడనే. ఆ పాత బోల్టు పక్కపొంటి ఉండేదని యాది. జరంత అటో ఇటో."

"జరంత కాదు, జానెడు. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తిడ్తవని."

"ఇప్పుడు తిట్టనా?"

"ఇప్పుడు ఆ బిడ్డ ముంగట తిట్టవు గద."

తిట్టలేదు. అతను చేసింది పాడు బుద్ధితో కాదు. నా గుర్తు నేలమీద పడి ఉంటే చూడలేక, నా మీద గౌరవంతోనే, అది ఉండేదనుకున్న చోట కొట్టాడు. చెప్పడానికి మాత్రం భయపడ్డాడు. ముప్పై ఆరేళ్ల స్నేహితుడు. ప్రవీణ్‌కు డైరీలో రాసి నేర్పిన పాఠం కొమురయ్యకు నేను రాయకుండానే వచ్చేసింది.

ఆ షిఫ్టులో కొత్త బిళ్ల కొట్టాం. నంబరు నజ్మానే చెక్కింది. అప్పటికి తవ్విన అరవై మీటర్లలో దారి రెండున్నర జానలు పక్కకు పోయింది. మిగిలిన దూరంలో కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోతే సరిపోతుందని ఇద్దరం విడివిడిగా లెక్కవేసి చూసుకున్నాం.

శనివారం డైరీలో రాశాను: "పద్నాలుగో బిళ్ల దగ్గర ఈమె లెక్క సరి. నా లెక్క తప్పు. చూడనిదే నమ్మదు. పనికొస్తుంది." కింద సంతకం పెట్టాను. ఆ పెన్సిల్ పేజీ మీద ఆమె నా ముందే పెన్నుతో దిద్దుకుంది.

మా మేనేజర్ది కోస్తా. మనిషి మెత్తన. డైరీ చదివి నన్ను పిలిచాడు.

"లింగం గారూ, ఇది ఆ అమ్మాయి డైరీ అండీ. మీ డైరీ అనుకుని రాసేసినట్టున్నారు."

"లేదు సార్, ఆమెదే."

"మరి మీ తప్పు ఇందులో ఎందుకండీ? మార్చి రాయకూడదూ?"

"పెన్సిల్‌తో రాస్తే చెరిపేవాణ్ని సార్."

ఆయన నా మొహం వైపు చూసి, కింద సంతకం పెట్టాడు. నజ్మా ఉద్యోగం ఖాయమైంది. యాకూబ్ భాయి ఆ వారం నా స్కూటరు బ్రేకులు అడగకుండానే సరిచేశాడు. చేశాక తొక్కి చూశాడు.

కనెక్షన్ కలిసిన రోజున తేడా ఆరు వేళ్లు వచ్చింది. తలుపు మీద నాలుగు అని రాసి ఉంది. ఇరవై మూడు మందికి మిర్చిబజ్జీలు తినిపించాను. తొమ్మిది కొమురయ్య ఒక్కడే తిన్నాడు. కడుపు బాగానే ఉన్నట్టుంది.

ఇక మీ సంగతి

చేతిలో రెండు ఉద్యోగాలు పెట్టుకుని ఏది మంచిదని అడగడానికి వస్తారు. జీతం ఎంతో ఎవరైనా చెబుతారు. ఆ ఉద్యోగంలో తప్పు జరిగితే ఏమవుతుందో, ఆ తప్పు ఎవరికి తగులుతుందో అడిగి తెలుసుకోండి. ఆ తప్పుతో బతకగలమనుకుంటేనే చేరండి. సాఫ్ట్‌వేరయినా అంతే, బొగ్గయినా అంతే.

పదిమందితో కలిసి పనిచేయగలనని కాగితం మీద రాసుకొస్తారు. కాలేజీలో సర్వే చేసినప్పుడు టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారని అడుగుతాను. ల్యాబ్ అటెండరు అంటారు. పేరేంటంటే తెలియదు. నేను ఆ రెండో కొస పట్టుకునే వచ్చినవాణ్ని కాబట్టి నాకు అది కొంచెం గట్టిగా గుర్తుంటుంది. ఆ కొస సరైన చోట లేకపోతే మీ కొసలో ఎంత చదువున్నా కొలత తప్పే. పేరు తెలిసిన మనిషయితే "సార్, జారింది" అని మీకు చెబుతాడు.

పై అధికారి తప్పు కనబడితే చెప్పాలా వద్దా అని కూడా అడుగుతారు. చెప్పండి. చెప్పే ముందు మూడుసార్లు చూసుకోండి. తలుపు వేసి చెప్పండి. ఇంత చేసినా సంతకం ఆపే నాలాంటివాడు తగలొచ్చు. తగలడని మాట ఇవ్వలేను.

రిటైరైన రోజు శాలువాలన్నీ అయ్యాక కొమురయ్య నా చేతిలో ఒక కాగితం పొట్లం పెట్టాడు. విప్పితే పాత పద్నాలుగో నంబరు బిళ్ల. "ఈసారి ఏడ కొట్టాల్నో నువ్వే చెప్పు అన్న" అన్నాడు. మా ఇంట్లో, సలహాకు వచ్చే పిల్లలు కూర్చునే బల్ల పైన, గోడకు కొట్టమన్నాను. కింద ఒక చీటీ అంటించాను: "తలుపు నుంచి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు." వచ్చిన పిల్లలకు ఈ కథ చెప్పి, చీటీ చూపించేవాణ్ని. అందరూ బుద్ధిగా నోట్సులో రాసుకునేవారు.

మొన్న నజ్మా వచ్చింది. మేనేజర్ పరీక్షలో మొదటి మెట్టు పాసయిందట, మిఠాయి తెచ్చింది. కూర్చుని చీటీ చదివింది, గోడ వైపు చూసింది.

"సార్, టేపు ఉందా?"

ఇచ్చాను. కొలిచింది. "రెండు మీటర్ల పద్దెనిమిదే ఉన్నది సార్. ఎవరు కొట్టిన్రు?"

"కొమురయ్య."

"మీరు చూసుకోలేదా?"

నేను మిఠాయి తినసాగాను.

"చీటీ మార్చాల్నా సార్, బిళ్ల పీకాల్నా?"

"రెండూ వద్దు బిడ్డా, ఉండనీ. మళ్ల టేపు ఎవరు అడుగుతరో చూద్దాం."

ఇది చదివి నా దగ్గరికి వచ్చేవాళ్లు టేపు తెచ్చుకోకండి. మీ కోసం మా ఇంట్లో ఇంకొకటి తప్పుగా పెట్టాను. నాకు తెలిసినంతవరకు ఒక్కటే.